వేళ తెలియని దేవత

తొట్టిలోని పిండి అంచు దాటి పొంగి, కింద బండల మీదకు జారుతోంది. ఇంకో రోజైతే రొట్టెలాయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఇవాళ ఆ తొట్టి పక్కనే పీట వేసుకుని కూర్చుని, పిండి వైపే చూస్తూ కూడా దాన్ని పట్టించుకోవడం లేదు.

బట్టీ వెలిగించలేదు. వీధి తలుపు సగం మూసి ఉంది. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు తలుపు తట్టి, "ఏమయిందండీ?" అని అడిగి, జవాబు రాక వెళ్ళిపోతున్నారు.

"నేనడిగినదానికి సమాధానం చెప్పు," అన్నాడు ఎన్నోసారో. "అమ్మను బతికించగలవా, లేవా?"

భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మోచేతుల దాకా పిండి ఎండి పొలుసులు కట్టింది.

"ఇలా ఉండగా బతికించలేను," అంది.

"ఇలా ఉండకపోతే?"

ఆమె తల దించుకుంది.

డాక్టరు పెద్దావిడ గుండె చూసి, "ఆస్పత్రిలో ఉంచి చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి మీ మధ్య ఉండనివ్వండి" అన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో ఇదే రభస. ఆ రోజు రొట్టెలాయన బట్టీ ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడిస్తే, చూడలేక ఆమె నోరు జారింది. "నేను మునుపటిలా ఉండి ఉంటే ఈపాటికి అత్తయ్య లేచి కూర్చునేది" అంది. మునుపు ఎలా ఉండేదానివని ఆయన గుచ్చి గుచ్చి అడిగితే చెప్పక తప్పలేదు. వీధి మలుపులో రాతిగూడు ఉంది కదా, దాంట్లో మొహం అరిగిపోయిన బొమ్మ, అది తనేనంది.

ఆయన నమ్మడానికి ఎంతోసేపు పట్టలేదు. అన్నేళ్ళు కాపురం చేసినవాడికి పెళ్ళాం పొట్ట మీద బొడ్డు లేదని తెలియదా? అడిగినప్పుడల్లా "పుట్టుకతోనే అంతే" అనేది. తనకసలు పుట్టుకే లేదని మాత్రం అప్పుడు చెప్పలేదు.

లోపలి గదిలోంచి ఆయన చెల్లెలు వచ్చింది. పక్క సందులో బట్టలు కుట్టే మనిషి, మెళ్ళో కొలత టేపు కూడా తియ్యకుండా వచ్చి తల్లి మంచం దగ్గర కూర్చుంటోంది.

"మెల్లిగా అన్నయ్యా! అమ్మ ఇప్పుడే కళ్ళు మూసింది," అంది. తర్వాత వదిన వైపు తిరిగి, "ఏమో వదినా, నువ్వు దేవతవంటే నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. నేను తీసిన జాకెట్టు కొలతల్లో నీవొక్కటే ఇన్నేళ్ళలో మారనివి. కానీ ఒకటి అర్థం కాదు. చావు లేదు, రోగం లేదు, వంట చెయ్యక్కర్లేదు. అలాంటి బతుకు వదులుకుని ఈ పిండి పిసికే కొంపకు ఎందుకొచ్చావు?"

"ఎందుకొస్తుంది?" అన్నాడు రొట్టెలాయన గొంతు సవరించుకుని.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పుకోవాలి. తల్లి పోతుందన్న దిగులు నిజమైనదే, అందులో కల్తీ లేదు. అయితే ఆ దిగులు పక్కనే, ఎవరికీ చూపించకుండా, చిన్న గర్వం కూడా పెట్టుకున్నాడు. దేవత దిగివచ్చింది, ఇంత లోకంలో తన ఇంటికే వచ్చింది. తను అందగాడు కాదని తెలుసు, మాటకారి కాదని కూడా తెలుసు, కానీ పైనుంచి చూసేవాళ్ళకు ఏం కనపడుతుందో ఎవరు చెప్పగలరు? నిన్న పొద్దున అద్దం ముందు మీసం కత్తిరించుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"అది మా ఇద్దరి మధ్య విషయం," అన్నాడు చెల్లెలితో, కొంచెం సిగ్గుపడుతూ.

"మీ కోసం రాలేదండీ," అంది భార్య.

తొట్టిలో పిండి బుడగ ఒకటి పగిలిన చప్పుడు వినపడింది.

"ఏమన్నావు?"

"మీరంటే ఇష్టం తర్వాత కలిగింది. వచ్చింది మాత్రం మీ కోసం కాదు. అబద్ధం చెప్పి ఇంకా పాపం మూటగట్టుకోలేను."

"మరి ఎవరి కోసం?"

"మీ అన్నయ్య కోసం."

రొట్టెలాయన పీట మీంచి లేచాడు. ఆయనకో అన్న ఉండేవాడని, తను తల్లి కడుపులో ఉండగానే జ్వరమొచ్చి పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్లాడి గురించి పెద్దావిడ ఎప్పుడూ మాట్లాడదు. "పెద్దాడు" అని పొరపాటున నోట వస్తే వెంటనే మరో మాట ఎత్తుకుంటుంది.

"మీ అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని గూటి దగ్గరకు వచ్చింది," అంది భార్య. "వాన పడుతోంది. ఆవిడ అడిగింది. నేను విన్నాను. పాపం, తగ్గిద్దాంలే అనుకున్నాను. అంతే, ఇటు తిరిగి అటు చూశాను. చూసేసరికి వాడు పడుకున్న గదికి కొత్తగా సున్నం కొట్టి ఉంది. మంచం లేదు. మీరు గుమ్మంలో ఆడుకుంటున్నారు. మనిషినై దిగివద్దామనుకునేసరికి మీకు మీసాలొచ్చాయి."

"ఇటు తిరిగి అటు చూసేలోపా?" అంది చెల్లెలు.

"మాకు వేళ తెలియదమ్మా. పోయేవాళ్ళకు తెలుస్తుంది, ఇప్పుడు కాకపోతే ఇక లేదని. మాకు ఎప్పుడైనా ఒకటే. మీరు గుక్క తిప్పుకోకుండా పిలుస్తారు, మేము వస్తున్నాంలే అనుకుంటాం. నిజంగానే వద్దామనుకుంటాం. అందులో మోసం లేదు. వచ్చేసరికి పిలిచినవాళ్ళు ఉండరు."

ఇది విని చెల్లెలికి నవ్వు రాబోయి ఆగిపోయింది. వదినను బట్టీ దగ్గర నిలబెట్టడం ఎప్పుడో మానేశారు మరి. పిండి కలపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కానీ "రొట్టెలు చూస్తూ ఉండు" అని చెప్పి అన్నయ్య అటు వెళ్ళాడో, తిరిగొచ్చేసరికి బట్టీలో బొగ్గులే. ఆమె ఎక్కడికీ పోదు, బట్టీ ముందే, రొట్టెల వైపే చూస్తూ ఉంటుంది. "తియ్యాలనే అనుకుంటున్నా, ఇంతలో మాడిపోయాయి" అంటుంది. పరధ్యానమని అందరూ సరిపెట్టుకున్నారు.

రొట్టెలాయనకు ఇవేవీ చెవికెక్కడంలేదు.

"అంటే మా అమ్మ కాళ్ళ మీద పడటానికి వచ్చావు," అన్నాడు. "మా ఇంట్లో చోటు కావాల్సి వచ్చింది. కోడలివైతే ఇక ఎవరూ వెళ్ళమనరు. అందుకని నన్ను కట్టుకున్నావు."

"పనికోసమే వచ్చానండీ మొదట. పెళ్ళి మాట మీరే ఎత్తారు."

"ఎత్తాను. బుద్ధి తక్కువై ఎత్తాను."

"అలా అనకండి."

"ఇంకెలా అనమంటావు? మరి మా అమ్మతో చెప్పావా ఈ సంగతి? ఇన్నేళ్ళలో?"

ఆమె పెదవి కొరుక్కుంది. "పెళ్ళయిన మర్నాడే చెబుదామనుకున్నాను. ఆ రోజు ఇంటినిండా జనం. తర్వాత చెబుదామనుకున్నాను. ఆవిడ నన్ను కూతురి కంటే ఎక్కువగా చూసుకుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..."

"మనిషివయ్యావు గానీ ఆ గుణం పోలేదన్నమాట," అన్నాడు ఆయన.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. అన్నవాడికి కూడా అన్న మరుక్షణం నాలుక కరుచుకోవాలనిపించింది, కానీ కోపంలో ఉన్న మొగవాడు నాలుక కరుచుకోవడం ఎక్కడైనా ఉందా?

"సరే. అయిందేదో అయింది," అన్నాడు గొంతు తగ్గించి. "మళ్ళీ మునుపటిలా అవ్వడానికి దారి ఉందా?"

"ఉంది. గూట్లో రాయి మీద చెయ్యి పెడితే చాలు."

"అందుకేనా ఆ మలుపు వైపు ఎప్పుడూ నడవవు? చుట్టూ తిరిగి వెనక సందులోంచి వస్తావు."

"అందుకే."

"అయితే పద. ఇప్పుడే పద."

"చెప్పేది వినండి. నేను అక్కడ చెయ్యి పెట్టిన క్షణంలో నాకు మళ్ళీ వేళ తెలియదు. అత్తయ్యను బతికించాలనే అనుకుంటాను, అదే పనిగా అనుకుంటాను. ఈ లోగా ఇక్కడ ఏమవుతుందో! ఇంకోసారి అటు తిరిగి చూసేసరికి మీరు కూడా ఉండకపోవచ్చు. చెయ్యగలిగినప్పుడు వేళకు రాలేను. వేళకు ఉన్నప్పుడు చెయ్యలేను. నా బతుకింతే!"

"వేళకు వస్తావేమో! ఒకసారి తప్పావు కదా, ఈసారి గుర్తుంటుందేమో!"

"రావచ్చు," అంది ఆమె. ఇక అబద్ధం చెప్పనన్న మనిషితో వాదించడం ఇంత కష్టమని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"రావచ్చు అంటే చాలు నాకు. చేతిలో ఉన్నది చెయ్యకుండా కూర్చుంటే నిన్ను ఎప్పటికీ క్షమించను."

"వదినా," అంది చెల్లెలు గదిలోకి తొంగిచూసి. "అమ్మ లేచింది. నిన్నే పిలుస్తోంది. నేను పెడతానంటే వద్దంటోంది."

పాలలో నానబెట్టిన రొట్టె గిన్నెలో ఉంది. కోడలు చేతులు కడుక్కుని గిన్నె అందుకుంది. రొట్టెలాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇవాళైనా చెప్పు ఆవిడకు. చెప్పకుండా ఆవిడను పంపించావో..."

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది.

పెద్దావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి పైపైనే ఆడుతోంది గానీ, కళ్ళలో చురుకు ఏమాత్రం తగ్గలేదు.

"బట్టీ ఎందుకు వెలిగించలేదే? నేనింకా పోలేదుగా," అంది.

"ఇవాళ ఎవరికీ చేతులాడలేదు అత్తయ్యా."

"పిండి పులిసిన వాసన ఇక్కడిదాకా వస్తోంది. వాడు చూసుకోవడంలేదా? మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవాలంటే రొట్టెలు పెట్టేశాక పోట్లాడుకోవాలి."

కోడలు చెంచాతో ఒక ముద్ద పెట్టింది. రెండోది పెట్టలేదు. గిన్నె పక్కన పెట్టేసి మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీకొక మాట చెప్పాలి అత్తయ్యా. ఎప్పుడో చెప్పాల్సింది."

"చెప్పు. నాకిప్పుడు వేరే పనేముంది గనక?"

"పెద్దాడికి జ్వరమొచ్చినప్పుడు మీరు గూటి దగ్గరకు వెళ్ళారు."

పెద్దావిడ మొహంలో నవ్వు పోయింది. "ఎవరు చెప్పారు నీకు? నేనెవరికీ చెప్పలేదే ఆ సంగతి. మా ఆయనకు కూడా చెప్పలేదు."

"వానలో వెళ్ళారు. మీ చెప్పు ఒకటి తెగిపోయింది, దాన్ని అక్కడే వదిలేశారు. అందరూ వచ్చి 'నన్ను తీసుకుపో, నా బిడ్డను ఉంచు' అంటారు. మీరు అలా అనలేదు. 'మా ఇద్దర్నీ ఉంచు. కడుపులో ఇంకొకడున్నాడు, నేను పోతే వాడూ పోతాడు' అని నాతో వాదించారు."

"నీతోనా?"

"నాతోనే."

పెద్దావిడ ఆమె మొహంలోకి చూసింది. బయట వీధిలో ఎవరిదో బండి మోత దగ్గరై, దూరమై, ఆగిపోయింది. తను ఎవరికీ చెప్పని మాటలు అక్షరం పొల్లుపోకుండా విన్నాక, ఇక అనుమానించడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు.

"నువ్వు విన్నావా?" అంది చివరికి.

"విన్నాను అత్తయ్యా."

"అంతా విన్నావా?"

"అంతా విన్నాను. తగ్గించాలనే అనుకున్నాను. ఆలస్యమైపోయింది."

పెద్దావిడ తన చేతిని మెల్లిగా కోడలి చేతిలోంచి లాక్కుంది.

"వినపడలేదేమో అనుకున్నానే నేను. రాయి కదా, రాతికి చెవులెక్కడివి అనుకున్నాను. మొదట్లో పళ్ళు కొరికేదాన్ని, గూటి మీద దుమ్మెత్తి పోసేదాన్ని. తర్వాత, పోనీలే, అక్కడెవరూ లేరు, లేనివాళ్ళ మీద కోపమేమిటి అని వదిలేశాను. అలా అనుకుని బతికాను. ఇప్పుడొచ్చి విన్నానంటావేమిటే?"

క్షమిస్తుందనో, లేకపోతే తిడుతుందనో అనుకుంది కోడలు. ఎన్నేళ్ళుగానో ఆవిడ కూడగట్టుకున్న నెమ్మదిని తను ఒక్క మాటతో లాగేస్తానని అనుకోలేదు. నోరు మూసుకుని ఉంటే ఆవిడ ఆ నెమ్మదితోనే వెళ్ళిపోయేది. ముందే చెప్పి ఉంటే కోప్పడటానికీ, మళ్ళీ నెమ్మదించడానికీ ఆవిడకు కావలసినంత కాలం ఉండేది. సరిగ్గా చెప్పకూడని వేళ చూసుకుని చెప్పింది.

"తప్పయింది అత్తయ్యా," అంది. ఇంతకంటే పెద్ద మాట ఆమెకు దొరకలేదు.

"నాకు కాదు, వాడికి చెప్పు ఆ మాట. వాడెక్కడున్నాడు? నీకు తెలిసుండాలే."

"తెలియదు. చావు లేనివాళ్ళకు ఆ దారి లేదు. పోయినవాళ్ళు ఎటు వెళతారో మాలో ఎవరికీ తెలియదు. అందుకే మనిషినయ్యాను. ఈ ఒంటికైతే ఎప్పుడో చావు ఉంటుంది కదా, అప్పుడు వాడి దగ్గరకు వెళ్ళి, విని కూడా రాలేకపోయానురా అని చెప్పుకోవాలని. వాడికి మనసులో ఉండి ఉంటుంది అత్తయ్యా, అమ్మ అంతగా పిలిచినా ఎవరూ రాలేదని."

"చావడానికి వచ్చావా మా ఇంటికి!" అంది పెద్దావిడ. నవ్వబోయి దగ్గింది. కోడలు ఛాతీ నిమరబోతే ఈసారి చెయ్యి తోసెయ్యలేదు. దగ్గు తగ్గాక ఆవిడే కోడలి వేళ్ళు పట్టుకుంది. "పిచ్చిదానా! చావు తప్పించమని లోకమంతా మొక్కుతుంటే, నువ్వు దాన్ని వెతుక్కుంటూ వచ్చావా?"

"అమ్మా," అన్నాడు రొట్టెలాయన. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, గుమ్మంలో ఉన్నాడు. వెనక చెల్లెలు ఉంది. "అమ్మా, ఆమె గూట్లో రాయి మీద చెయ్యి పెడితే మళ్ళీ దేవత అవుతుంది. నిన్ను బతికించగలదు."

"ఏవండీ, వద్దు," అంది కోడలు.

"నువ్వుండు. ఆవిడకు తెలియాలి."

పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే. కానీ వేళకు చెయ్యగలనో లేదో తెలియదు. అప్పటిలాగే అనుకుంటూ ఉండిపోతానేమో!"

"చెయ్యగలవేమో కూడా."

"చెయ్యగలనేమో కూడా."

"వెళితే మళ్ళీ నీకు చావు ఉండదు."

"ఉండదు."

"అంటే వాడి దగ్గరకు రాలేవు. ఆ మాట వాడికి ఎప్పటికీ చేరదు."

"చేరదు అత్తయ్యా. ఈ ఇంటికి కూడా తిరిగి రాలేను."

గుమ్మంలో ఉన్న మనిషి ఈ చివరి మాట కోసం సిద్ధంగా లేడు. పైకి వెళ్ళడమంటే తనను వదిలి వెళ్ళడమని, అడిగినన్నిసార్లు అడిగాడే గానీ, ఒక్కసారీ ఆలోచించలేదు. తలుపు చట్రం పట్టుకుని నిలబడిపోయాడు.

అమ్మ ఏమంటుందో ఆయనకు తెలుసు. ఒంట్లో బాగాలేని ప్రతిసారీ "ఇక చాలురా, నన్ను పోనివ్వండి" అనే మనిషి. ఇప్పుడూ అదే అంటుంది. వద్దులేవే, నా వయసైపోయింది, నువ్వు వాడికి చెప్పుకో, అంటుంది. అలా అనాలని ఒక్క క్షణం కోరుకున్నాడు కూడా. కోరుకున్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దావిడ దుప్పటి వైపు చూస్తూ కూర్చుంది.

"నేను తల్లిని," అంది చివరికి. "వాడి దగ్గరకే వెళ్ళవే అనాలి. అనాలనే చూస్తున్నాను ఇందాకట్నుంచీ. నోరు రావడంలేదు."

"అత్తయ్యా..."

"నాకు బతకాలని ఉందే అమ్మాయ్. చాలు, పోనివ్వండి అని పైకి అంటాను గానీ, ఒక్కనాడూ మనసులో అనుకోలేదు. పొద్దున్నే బట్టీ మండిన చప్పుడు వినాలని ఉంది. సిగ్గుగానే ఉంది అడగడానికి, ఈ వయసులో, అదీ నిన్ను. అయినా అడుగుతున్నాను."

ఆవిడ వేళ్ళు బలహీనంగానే ఉన్నాయి గానీ కోడలి చేతిని వదలడంలేదు. వినలేదని అనుకోవడానికి ఈసారి ఇద్దరికీ వీల్లేదు.

కోడలు మొగుడి వైపు చూసింది. ఇందాకటిదాకా "పద, పద" అన్న మనిషి కళ్ళు దించుకున్నాడు.

ఆమె జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఏ మాట అన్నా, ఆ మాటతో ఈ ఇంట్లోంచి ఒకరు వెళ్ళిపోతారు.